బొమ్మ వాయించిందా, వాయించినట్టు కనిపించిందా: మరబొమ్మల వాద్యం వెనక సంగతి

వాద్యం వాయించే మరబొమ్మను చిన్నతనంలో చూశామని చెప్పేవారు విజయవాడలో చాలామందే కనిపిస్తారు. ఒకరు దసరా రోజుల ఎగ్జిబిషన్‌లో మృదంగం వాయించిన నిలువెత్తు బొమ్మను గుర్తు చేసుకుంటారు. మరొకరు వినాయక చవితి పందిట్లో స్వామి పాదాల దగ్గర తబలా కొట్టిన ఎలుకల గురించి చెబుతారు. కీ ఇస్తే డోలు కొట్టే ఎలుగుబంటిని వన్‌టౌన్‌లో మారాం చేసి కొనిపించుకున్నవారు ఉన్నారు. స్కూలు ఎక్స్‌కర్షన్‌కు హైదరాబాదు వెళ్లి, సాలార్‌జంగ్ మ్యూజియం గడియారంలోంచి గడ్డం మనిషి బయటికి వచ్చి గంట కొట్టడాన్ని గుంపులో మునివేళ్ల మీద నిలబడి చూసినవారూ ఉన్నారు. ఈ జ్ఞాపకాలన్నిటిలోనూ వాయించింది బొమ్మే. కానీ ఇవి లోపలి పనితీరులో ఒకదానికొకటి ఎంతో దూరంగా ఉన్న యంత్రాలు. వాటిలో కొన్ని నిజంగానే వాయించాయి, కొన్ని వాయించినట్టు కనిపించాయి. ఏది ఏ కోవకు చెందుతుందో తేల్చడానికి బొమ్మ ఎంత పెద్దది, ఎంత సొగసుగా కదిలింది అన్నవి పనికిరావు.

ఈ చిక్కు విడిపోవాలంటే, బొమ్మ వాయించిందా అన్న ఒక్క ప్రశ్నను మూడుగా విడదీయాలి. ధ్వని ఎక్కడ పుట్టింది? ఏ స్వరం తర్వాత ఏ స్వరం రావాలన్న సమాచారం ఎక్కడ దాగి ఉంది? యంత్రాన్ని నడిపించే బలం ఎవరిది? వీటిలో మొదటిదే అన్నిటికన్నా ముఖ్యమని నా అభిప్రాయం. తక్కిన రెండు విషయాల్లో బొమ్మ ఎవరి సాయం తీసుకున్నా, దాని చేయి తగలడం వల్లనో దాని ఊపిరి సోకడం వల్లనో వాద్యం మోగితే అది వాయించినట్టే. చేయి తగలకపోయినా మోగేదైతే, ఆ చేయి ఎంత అందంగా ఊగినా అది అలంకారమే.

స్వరాజ్య మైదానాన్ని అందరూ పీడబ్ల్యూడీ గ్రౌండ్స్ అనే రోజుల్లో అక్కడి ఎగ్జిబిషన్‌లో నేను చూసిన మృదంగం బొమ్మ ఈ మొదటి పరీక్షలో నిలవదు. ప్లాస్టర్ ముఖం, జరీ అంచు పంచె, నుదుట విభూతి, ఒళ్లో అసలైన మృదంగం. రెండు చేతులూ ఒకదాని తర్వాత ఒకటి లేచి పడేవి, తల పక్కకు వాలి మళ్లీ నిలబడేది. నాదం మాత్రం తెర వెనకనున్న స్పీకరులోంచి, ఏదో కచేరీ టేపులోంచి వచ్చేది. చేతులు చర్మానికి తగలకుండానే వెనక్కి మళ్లేవి. టేపులో తని ఆవర్తనం, అంటే కచేరీలో మృదంగం ఒంటరిగా మోగే భాగం, జోరందుకున్నా ఆ చేతుల వేగంలో మార్పు ఉండేది కాదు. అయినా నా జ్ఞాపకంలో ఆ నాదం ఇప్పటికీ ఆ చేతుల కిందే ఉంది. ఇది నా ఒక్కడి సంగతి కాదు. కంటికి కనిపించే కదలిక, చెవికి వినిపించే ధ్వని ఇంచుమించు ఒకే వేళ జరిగితే మనసు ఆ రెండింటినీ ఒకే చోట నిలబెడుతుంది. పెదవులు కదపకుండా మాట్లాడి ఆ మాట ఒళ్లోని బొమ్మ అన్నట్టు భ్రమింపజేసే వెంట్రిలాక్విస్టులు ఆధారపడేది దీని మీదే. సినిమా హాల్లో స్పీకర్ల నుంచి వచ్చే మాట కూడా తెర మీది నటుడి నోటి నుంచే వచ్చినట్టు అనిపించడానికీ ఇదే కారణం.

ఇలాంటి బొమ్మ లోపలి ఏర్పాటు చాలా సరళమైనది. మోటారు ఒకే దిక్కుకు తిరుగుతుంది. గేర్లు ఆ వేగాన్ని తగ్గిస్తాయి. తగ్గిన వేగంతో తిరిగే చక్రం మీద, నడిమి నుంచి కాస్త పక్కకు ఒక పిన్ను బిగించి, దానికి కనెక్టింగ్ రాడ్డు తగిలిస్తారు. రాడ్డు రెండో కొస బొమ్మ మోచేతికి కలుస్తుంది. చక్రం ఒక చుట్టు తిరిగేసరికి చేయి ఒకసారి లేచి ఒకసారి దిగుతుంది. కారు అద్దం మీద వైపరును ఊపేది కూడా ఇలాంటి ఏర్పాటే కనుక, పందిళ్లకు కదిలే బొమ్మలు చేసేవారు ఆటోనగర్‌లో పాత వైపర్ మోటార్లు వెతికి తెచ్చుకోవడం చూశాను. రెండు చేతులకు రెండు పిన్నులు ఎదురెదురుగా బిగిస్తే ఒకటి లేచినప్పుడు రెండోది దిగుతుంది. ఈ ఏర్పాటు మొత్తంలో పాట అనేది ఎక్కడా లేదు. ఒకే కదలిక మళ్లీ మళ్లీ వస్తుంది.

కీ ఇచ్చే ఎలుగుబంటి యంత్రం కూడా దాదాపు ఇంతే. చుట్టుకున్న ఉక్కు స్ప్రింగు విడిపోతూ పళ్ల చక్రాన్ని తిప్పుతుంది, చక్రం చేతుల్ని ఊపుతుంది. కానీ ఆ చేతుల్లోని పుల్లలు రేకు డోలుకు నిజంగా తగులుతాయి, ఆ తగిలిన చప్పుడే మనం వినేది. జపాన్‌లో తయారై దేశదేశాలు తిరిగిన తాళాలు కొట్టే కోతి బొమ్మ సంగతీ అంతే. రెండు రేకులు ఒకదానికొకటి తగలకుండా ఆ చప్పుడు రాదు. సంగీతం లెక్కన అది చాలా చిన్నది. ఉన్నది ఒక్కటే లయ, స్ప్రింగు బలం తగ్గేకొద్దీ ఆ లయ కూడా మందగిస్తుంది. అయినా ధ్వని పరీక్షలో బజారులో కొన్న ఈ ఆటవస్తువు నిలుస్తుంది, ఎంతో ఖర్చుపెట్టి నిలబెట్టిన ఎగ్జిబిషన్ బొమ్మ నిలవదు.

దీనికి అవతలి కొసన మన గుళ్లలో హారతి వేళ మోగే యంత్రం ఉంది. ఇనుప చట్రంలో ఒక నగారా, కొన్ని గంటలు, కొన్నిచోట్ల ఒక జత తాళాలు బిగించి ఉంటాయి. స్విచ్ వేస్తే మోటారు తిరిగి కర్రల్ని, సుత్తుల్ని ఆడిస్తుంది. అక్కడ ధ్వని అంతా అసలైనదే. లేనిది బొమ్మ ఒక్కటే. అందువల్లనే వాయించే యంత్రాల గురించి మాట్లాడేటప్పుడు ఎవరికీ అది గుర్తుకు రాదు. ఆ చట్రం ముందు రెండు మనిషి బొమ్మలను నిలబెట్టి, కర్రలు వాటి చేతుల్లో ఉండేలా అమరిస్తే, అది చరిత్రలో పేరు మోసిన మరబొమ్మల వరుసలో చేరుతుంది.

ఆ వరుస చాలా పాతది. నేటి టర్కీలోని దియార్‌బకిర్‌లో ఆర్తుకీ రాజుల కొలువులో పనిచేసిన అల్ జజారీ 1206లో పూర్తిచేసిన యంత్రాల గ్రంథంలో, రాజుగారి విందు వేళ నీటి మీద తేలే ఒక పడవను, అందులో కూర్చున్న నలుగురు వాద్యకారుల బొమ్మలను వర్ణించాడు. వేణువు పట్టినది ఒకటి, హార్ప్ అనే తీగవాద్యం పట్టినది ఒకటి, డోళ్లు పట్టినవి రెండు. దాచిన తొట్టెలోంచి నీరు పడి చక్రం తిరుగుతుంది, చక్రం ఇరుసు మీది మొనలు లీవర్లను నొక్కి వదులుతాయి, లీవర్లు చేతుల్ని ఆడిస్తాయి. అంతకు మూడు శతాబ్దాలకు పైగా ముందు, 9వ శతాబ్దపు బాగ్దాదులో బనూ మూసా సోదరులు మొనలు బిగించిన పీపా తిరుగుతూ ఉండగా తనంతట తానే మోగే వేణు యంత్రాన్ని వర్ణించారు. మన దేశంలో 11వ శతాబ్దపు భోజరాజు పేరు మీదున్న సమరాంగణ సూత్రధారలో యంత్రాల కోసం ఒక అధ్యాయమే కేటాయించారు. ఆడే బొమ్మలు, వాద్యాలు మోగించే బొమ్మలు అందులో ప్రస్తావనకు వస్తాయి. అయితే వాటిని బిగించే పద్ధతిని తెలియక కాదు, గుట్టుగా ఉంచడానికే చెప్పడం లేదని ఆ గ్రంథమే స్పష్టంగా అంటుంది. జజారీ తన యంత్రాలకు చిత్రాలు గీసి, భాగాలు ఎలా అమర్చాలో రాసిపెట్టాడు కనుక వాటిలో కొన్నిటిని మన కాలంలో మళ్లీ కట్టగలిగారు. భోజుడి బొమ్మల విషయంలో అలాంటి వీలు లేదు. నాకు ఇది నిజంగా బాధ కలిగించే నష్టం.

ఇక్కడ రెండో ప్రశ్న ఎదురవుతుంది. పాట ఎక్కడ దాగి ఉంది? సాలార్‌జంగ్ గడియారాన్ని తీసుకుంటే, కలకత్తాలోని కుక్ అండ్ కెల్వీ అనే గడియారాల సంస్థ పేరుతో ఉన్న ఆ గడియారంలో ఒక బొమ్మ సుత్తితో సెకన్లు కొడుతూ ఉంటుంది. గంట పూర్తయ్యే ముందు గడ్డం బొమ్మ తలుపు తీసుకుని వచ్చి, ఎన్ని గంటలైతే అన్నిసార్లు గంట మోగించి లోపలికి వెళుతుంది. సెకన్లు కొట్టే బొమ్మకు గుర్తుంచుకోవలసినది ఏమీ లేదు. గంట కొట్టే బొమ్మకు మాత్రం ఒక లెక్క కావాలి. మూడింటికి మూడు, పన్నెండింటికి పన్నెండు. గంటలు కొట్టే గడియారాల్లో ఈ లెక్క అంచున గాడులు కోసిన చక్రంలోనో, మెట్లు మెట్లుగా కోసిన బిళ్లలోనో ఉంటుంది. అంటే సంఖ్యను లోహంలో ఒక ఆకారంగా దాచారు. ఒక పూర్తి పాటను దాచాలన్నా సూత్రం ఇదే, కాకపోతే పరిమాణం చాలా పెద్దది.

ఆ పెద్ద పరిమాణానికి ఐరోపాలో స్థిరపడిన సాధనం మొనలు గుచ్చిన పీపా. పీపా పొడవు వెంట ప్రతి చోటూ ఒక్కో స్వరానికి చెందుతుంది. పీపా చుట్టుకొలత కాలానికి చెందుతుంది. ఒక మొన ఎడమ నుంచి ఎంత దూరాన ఉందో దాన్నిబట్టి ఏ స్వరమో, చుట్టు మీద ఎక్కడ ఉందో దాన్నిబట్టి ఎప్పుడో తేలుతుంది. స్వరం ఎక్కువసేపు నిలవాలంటే మొనకు బదులు పొడవాటి లోహపు ముక్క బిగిస్తారు. పీపాను కొద్దిగా పక్కకు జరిపితే లీవర్ల కిందికి వేరే మొనల వరుస వస్తుంది, అప్పుడు మరో పాట మోగుతుంది. మ్యూజిక్ బాక్సు మూత తీసినవారు దీని చిన్న రూపాన్ని చూసే ఉంటారు. ఆ పెట్టెలో మొనలు నేరుగా ఉక్కు దువ్వెన పళ్లను మీటుతాయి. పెట్టె పైన తిరిగే నాట్యకత్తె బొమ్మకూ ఆ పాటకూ ఏ సంబంధమూ ఉండదు. అదే పీపా, ఉక్కు పళ్లను కాకుండా బొమ్మ వేళ్లను కదిపితే అసలైన కష్టం మొదలవుతుంది.

ఆ కష్టాన్ని మొదటిసారి పూర్తిగా ఎదుర్కొన్నవాడు ఫ్రాన్సుకు చెందిన జాక్ ద వోకాన్‌సన్. 1709లో గ్రెనోబుల్‌లో పుట్టిన ఇతడు తన వేణువు వాయించే బొమ్మను 1738లో పారిస్‌లో ప్రదర్శించి, దాని నిర్మాణాన్ని వివరించే పత్రాన్ని అక్కడి శాస్త్ర అకాడమీకి సమర్పించాడు. బండ మీద కూర్చుని అడ్డవేణువు పట్టిన ఆ బొమ్మ సుమారు మనిషంత ఎత్తు ఉండేది. బొమ్మను నిలిపిన దిమ్మె లోపల బరువులతో నడిచే యంత్రం, మొనలు గుచ్చిన పీపా ఉండేవి. పీపా కదిపే లీవర్లు మొత్తం 15. వాటిలో 7 వేళ్లకు, 3 గాలికి, 4 పెదవులకు, 1 నాలుకకు. ఈ పంపకాన్ని కాస్త ఆగి చూడాలి. సగం కన్నా తక్కువ లీవర్లే వేళ్లకు వెళ్లాయి. తక్కినవన్నీ బయటి నుంచి చూసేవారి దృష్టికి అంతగా ఆనని ఊపిరి పనికే వెళ్లాయి.

దీనికి కారణం వేణువు స్వభావంలోనే ఉంది. వేణువులో రంధ్రాలు మూసి తెరిస్తే స్వరం మారుతుంది, కానీ అదే వేళ్ల అమరికతో, గాలి వేగాన్ని, పెదవుల సందును మార్చి పై స్థాయి స్వరాన్ని కూడా పలికించవచ్చు. వేళ్లు సరిగ్గా పడినా ఊపిరి సరిగ్గా లేకపోతే స్వరం పలకదు, లేదా తప్పు స్థాయిలో పలుకుతుంది. అందుకే వోకాన్‌సన్ తొమ్మిది తిత్తులు అమర్చి, వాటిని మూడేసి చొప్పున మూడు జట్లు చేశాడు. ఒక జట్టు మీద నాలుగు పౌన్ల బరువు, ఒక జట్టు మీద రెండు పౌన్ల బరువు పెట్టాడు. మూడో జట్టుకు తిత్తి పైపలక బరువు తప్ప వేరే బరువు లేదు. ఆ విధంగా మూడు వేర్వేరు ఒత్తిళ్లలో గాలి సిద్ధంగా ఉండేది. పెదవులు తెరుచుకునేవి, మూసుకునేవి, ముందుకూ వెనక్కూ జరిగేవి. నోట్లో లోహపు నాలుక గాలిని ఆపి వదిలేది. చేతివేళ్ల కొసలకు తోలు తొడిగాడు. గట్టి కొస రంధ్రాన్ని సందు లేకుండా మూయలేదు కదా.

ఈ బొమ్మను చూసినవారికి సహజంగా వచ్చే అనుమానం ఒకటే. లోపల ఎక్కడో గాలి గొట్టాలతో పలికే చిన్న ఆర్గాన్ మోగుతోందని, బొమ్మ వేణువు పట్టుకుని ఊరికే కూర్చుందని. మన ఎగ్జిబిషన్ బొమ్మ స్పీకరు లాంటిదే ఆ అనుమానంలోని ఆర్గాన్. అకాడమీకి ఇచ్చిన పత్రం విలువ ఇక్కడే తెలుస్తుంది. ధ్వని వేణువులోనే, బొమ్మ పెదవుల నుంచి వచ్చిన గాలి వల్లనే పుడుతోందని భాగభాగంగా చూపడమే ఆ పత్రం చేసిన పని. వాద్య మరబొమ్మల చరిత్రలో దీనికి సాటి వచ్చే పత్రం మరొకటి నా దృష్టికి రాలేదు.

తర్వాత అతడు ఒక చేత్తో మూడు రంధ్రాల పిల్లనగ్రోవి, రెండో చేత్తో డోలు వాయించే మరో బొమ్మను చేశాడు. ఆ పనిలో బయటపడిన సంగతి నన్ను అన్నిటికన్నా ఎక్కువగా ఆకట్టుకుంటుంది. మూడే రంధ్రాలు కనుక స్వరాలు చాలావరకు ఊపిరి తేడాలతోనే రావాలి. అతి కింది స్వరానికి ఒక ఔన్సు ఒత్తిడి చాలుతుంటే, అతి పై స్వరానికి 56 పౌన్ల ఒత్తిడి కావలసి వచ్చిందని అతడు రాశాడు. అంతేకాదు, ఒకే స్వరానికి ప్రతిసారీ ఒకే ఒత్తిడి సరిపోదని, అంతకు ముందు ఏ స్వరం పలికిందో దాన్నిబట్టి ఆ ఒత్తిడి మారుతుందని గమనించాడు. పిల్లనగ్రోవి వాయించే మనిషి ఈ తేడాను తనకు తెలియకుండానే ఛాతీతో సర్దుకుంటాడు. బొమ్మను చేసే మనిషి దాన్ని కొలిచి తీరాలి. మరబొమ్మ వల్ల మనిషి వాద్యం గురించి కొత్తగా తెలిసిన సంగతి ఇది.

వోకాన్‌సన్ తర్వాత వచ్చిన పేరున్న బొమ్మల్లో కొన్ని మీట వాద్యాలనో తీగ వాద్యాలనో ఎంచుకున్నాయి. స్విట్జర్లాండులో పియెర్ జాకే ద్రో, అతని కుమారుడు ఆన్రీ లూయీ, వారితో పనిచేసిన లెషో 1768 నుంచి 1774 మధ్య మూడు బొమ్మలను చేశారు. రాసే బాలుడు, బొమ్మలు గీసే బాలుడు, ఆర్గాన్ వాయించే యువతి. అవి నూషాటెల్ నగరపు మ్యూజియంలో నేటికీ పనిచేస్తున్నాయి. ఆ యువతి వేళ్లు మీటలను నిజంగా నొక్కుతాయి. నొక్కినందువల్లనే గొట్టాలు పలుకుతాయి. ఆమె అయిదు పాటలు వాయిస్తుంది. కాబట్టి ధ్వని పరీక్షలో ఆమె నిస్సందేహంగా నిలుస్తుంది. కానీ ఆమెలో చూసినవారు ఎన్నటికీ మరచిపోనిది వేళ్లు కాదు, ఊపిరి. ఆమె ఛాతీ పైకీ కిందికీ కదులుతుంది, చూపు వేళ్ల వెంట తిరుగుతుంది, పాట ముగిశాక తల వంచి నమస్కరిస్తుంది. ఆర్గాన్‌కు వాయించేవారి ఊపిరితో పనిలేదు. ఆ ఛాతీ కదలిక కేవలం చూసేవారి కోసం ఉంచినది. వోకాన్‌సన్ బొమ్మలో ఊపిరి లేకపోతే పాట లేదు, నూషాటెల్ యువతిలో ఊపిరి తీసేసినా పాటలో ఒక్క స్వరం తగ్గదు. రెండూ అద్భుతమైన పనులే, అయితే మొదటిది వాద్యానికి సంబంధించిన పని, రెండోది జ్ఞాపకానికి సంబంధించిన పని. ఆ బొమ్మ నావైపు చూసింది, నిట్టూర్చింది అని ఎవరైనా చెబితే అది వారి ఊహ కాదు. అలా గుర్తుండిపోయేలా ఎవరో లెక్కలు వేసి లీవర్లు బిగించారు.

ఫ్రాన్సు రాణి మేరీ ఆంటోనెట్ దగ్గరకు చేరిన తీగవాద్యం బొమ్మ కూడా నిజంగా వాయించేదే. జర్మన్ గడియారాల పనివాడు పీటర్ కింట్సింగ్, కొయ్య పనిలో పేరుపొందిన డేవిడ్ రోయెంట్‌గెన్ కలిసి చేసిన ఆ బొమ్మ, రెండు చేతుల్లో చిన్న సుత్తులు పట్టుకుని, మన సంతూర్‌ను పోలిన వాద్యం మీద 46 తీగలను కొడుతూ ఎనిమిది పాటలు వాయిస్తుంది. రాణి దాన్ని 1785లో శాస్త్ర అకాడమీకి ఇచ్చింది. 1864లో ప్రసిద్ధ ఇంద్రజాలికుడు రోబేర్ ఊదాన్ దాన్ని బాగుచేశాడు. ఇప్పుడది పారిస్‌లోని కళలు, చేతిపనుల మ్యూజియంలో ఉంది.

మూడో ప్రశ్నకు, అంటే బలం ఎవరిది అన్నదానికి, దక్షిణ భారతానికి చెందిన ఒక యంత్రమే మంచి ఉదాహరణ. 1799 మే 4న శ్రీరంగపట్నం పడిపోయాక ఆంగ్లేయుల చేతికి చిక్కిన టిప్పు సుల్తాను కొయ్య పులి ఇప్పుడు లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉంది. కింద పడిన ఐరోపా మనిషి మీద పులి విరుచుకుపడినట్టు చెక్కిన ఆ యంత్రానికి పక్కన ఒక పిడి ఉంటుంది. దాన్ని తిప్పితే మనిషి చేయి లేచి పడుతుంది, అతని ఆర్తనాదం, పులి గుర్రు తిత్తుల గాలితో వినిపిస్తాయి. పులి పక్క భాగంలో తలుపు తీస్తే 18 మీటల చిన్న ఆర్గాన్ కూడా ఉంది. పిడి తిప్పేది మనిషి, మీటలు నొక్కేదీ మనిషే. లోపల పాట ఏదీ దాచిలేదు. ధ్వని మాత్రం బొమ్మల లోపలే పుడుతుంది. అందువల్ల ఆ పులిని వాయించే బొమ్మ అనడం కన్నా, బొమ్మ ఆకారంలో ఉన్న వాద్యం అనడం సరైనది. ఒక ప్రశ్నకు ఒప్పుకునే యంత్రం ఇంకో ప్రశ్నకు ఒప్పుకోకపోవచ్చుననడానికి ఇంతకన్నా తేటైన ఉదాహరణ దొరకదు.

జ్ఞాపకం మాటకు వస్తే, వోకాన్‌సన్ బొమ్మల గతి దుఃఖకరమైనది. ప్రదర్శనలు అయ్యాక అతడు వాటిని అమ్మేశాడు. చేతులు మారి అవి చివరికి జర్మనీలోని హెల్మ్‌స్టెట్‌లో బైరైస్ అనే పండితుడి ఇల్లు చేరాయి. 1805లో అక్కడికి వెళ్లిన మహాకవి గేథే వాటిని పూర్తిగా చచ్చుపడిన స్థితిలో చూసినట్టు రాశాడు. వేణుగానం చేసే బొమ్మ అప్పటికే మూగబోయింది. అసలు బొమ్మ నేడు ఎక్కడా లేదు. అయినా అది ఎలా పనిచేసిందో మనకు ఇంత వివరంగా తెలుసంటే, చూసినవారి ఆశ్చర్యం వల్ల కాదు, చేసినవాడు లీవర్లను, బరువులను లెక్కపెట్టి రాసిపెట్టడం వల్ల.

అతని పని వేరే దారిలోనూ మిగిలింది. 1741లో ఫ్రాన్సు ప్రభుత్వం అతణ్ణి పట్టు పరిశ్రమ తనిఖీకి నియమించింది. వాద్యం వాయించే బొమ్మ చేసిన చేత్తోనే అతడు 1745 నాటికి తనంతట తాను నేసే మగ్గాన్ని రూపొందించాడు. అందులో తిరిగే పీపా స్థానంలో తర్వాత ఫ్రాన్సుకే చెందిన జకార్డ్ అనే అతడు చిల్లులు పొడిచిన అట్టల వరుసను పెట్టి, 1804 నాటికి తన మగ్గాన్ని తీర్చాడు. మన చేనేత ఊళ్లలో జకార్డ్ మగ్గం ముందు కూర్చున్నవారికి ఆ అట్టలు నిత్యం కనిపించేవే. చిల్లు ఉన్నచోట పడుగు దారం లేస్తుంది, లేనిచోట లేవదు. పీపా మీద మొన ఉంటే వేలు కదలడం, లేకపోతే కదలకపోవడం వంటిదే ఈ ఏర్పాటు. చీర అంచులో పూవును, వేణువు మీద పాటను ఒకే పద్ధతిలో దాచారు.

మన కాలంలో మొనల పీపాను కంప్యూటర్ తొలగించింది. టోక్యోలోని వసేదా విశ్వవిద్యాలయం 1984లో తయారుచేసిన వాబోట్ 2 అనే రోబో కెమెరాతో స్వరపత్రాన్ని చదివి, వేళ్లతో మీటలను, కాళ్లతో పెడళ్లను నొక్కి వాయించింది. అక్కడే 1990 నుంచి వేణువు వాయించే రోబోలను వరుసగా తయారుచేస్తూ వచ్చారు. వాటికి ఊపిరితిత్తుల పని చేసే భాగాలు, కదిలే పెదవులు, నాలుక ఉన్నాయి. రెండున్నర శతాబ్దాల తర్వాత కూడా వేణువు దగ్గర కష్టం వోకాన్‌సన్ చెప్పిన చోటనే ఉంది.

మన సంగీతంలో ఈ కష్టం ఇంకా పెరుగుతుంది. కర్ణాటక సంగీతంలో స్వరం ఒక స్థానంలో ఊరికే నిలబడదు. గమకంతో పక్క స్వరాన్ని తాకి వస్తుంది, ఏ రాగంలో ఉందో, దేని తర్వాత వచ్చిందో దాన్నిబట్టి ఊగే తీరు మారుతుంది. మీట నొక్కితే ఒకే స్వరం పలికే ఆర్గాన్‌కు చేసిన బొమ్మ వీణ దగ్గర చేతులెత్తేస్తుంది. వీణ మీద ఎడమ చేయి తీగను మెట్టు మీద నొక్కడమే కాక పక్కకు లాగాలి, ఎంత లాగాలన్నది ప్రతి స్వరానికీ మారుతుంది. మొన ఉందా లేదా అన్న రెండే మాటలతో ఆ లాగుడును రాయలేము. ప్రతి క్షణానికీ ఒక కొలత కావాలి.

మృదంగం మాటేమిటి? తీగ లేదు, ఊపిరి లేదు కనుక తేలిక అనిపిస్తుంది. కానీ నిజంగా వాయించే మృదంగం బొమ్మ కావాలంటే, లేచి పడే చేయి చాలదు. కుడి మూతలో నడుమ నల్లని కరణె, దాని చుట్టూ చర్మం, అంచున మీటు అనే పొర ఉంటాయి. చూపుడు వేలు అంచున పడినప్పుడు, ఉంగరం వేలు కరణె అంచును తేలిగ్గా ఆని ఉంటేనే శ్రుతి గల నం అనే నాదం వస్తుంది. ఆ వేలు బరువుగా ఆనితే నాదం చచ్చిపోతుంది, అసలు ఆనకపోతే వేరే నాదం వస్తుంది. ఎడమ మూత మీద కొట్టిన చేతిని వెంటనే తీయాలి, లేకుంటే తొం పలకదు. గుమికి అనే సాగే నాదం కోసం మణికట్టు ఆ చర్మాన్ని నొక్కుతూ జరగాలి. ఇన్ని పనులకు ఎన్ని లీవర్లు కావాలో లెక్క వేయడానికి ముందు, చేయి తిరిగిన మృదంగ విద్వాంసుడి పక్కన కూర్చుని, ఆ ఉంగరం వేలు ఎంత బరువుతో ఆనుతోందో, ఎంతసేపు ఆనుతోందో, ముందు పడిన దెబ్బను బట్టి అది ఎలా మారుతోందో కొలిచి కాగితం మీద పెట్టాలి.